పహణి దాకా ఒకే గొలుసు

చాలావరకు ఆంధ్ర సరిహద్దే చుట్టుకొని ఉన్న పావగడ తాలూకాలో ఒక రైతు తన పొలం పహణిని (భూమి హక్కులు, పంట వివరాలు తెలిపే పత్రాన్ని) కర్ణాటక ప్రభుత్వపు 'భూమి' పోర్టల్‌లో చూడాలంటే జిల్లా, తాలూకా, హోబళి (కొన్ని గ్రామాల సముదాయం), గ్రామం, సర్వే నంబరు అనే వరుసలో ఒక్కొక్కటే ఎంచుకుంటూ పోవాలి. నాగలమడికె హోబళిని ఎంచుకుంటేగాని తిరుమణి గ్రామం పేరు జాబితాలోకి రాదు.

ఇదే వరుసను జావాస్క్రిప్ట్‌లో రాయదలిస్తే, ప్రతి జాబితానూ సర్వర్‌ను అడిగి తెచ్చుకోవాలి. జవాబు వచ్చేదాకా తెర స్తంభించకుండా తక్కిన పని సాగనిచ్చే పిలుపును అసమకాలిక పిలుపు అని, అప్పటికప్పుడు చేతికి అంది, మున్ముందు విలువగానో దోషంగానో తేలబోయే వస్తువును ప్రామిస్ అని అంటారు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు బార్బరా లిస్కోవ్, లియుబా ష్రీరా 1988లో ఆర్గస్ భాష కోసం వివరించిన ఈ భావన 2015 నాటి ప్రమాణంతో జావాస్క్రిప్ట్‌లో అంతర్భాగమైంది. అయితే ఇంకా రాని విలువలోంచి దేనినీ తీయలేము గనుక, ఐదు మెట్లకూ ఐదుసార్లు, విలువ వచ్చేదాకా ఆగమని చెప్పే 'అవెయిట్' అనే మాటను రాయవలసి వస్తుంది.

అదే ప్రమాణం తెచ్చిన ప్రాక్సీ ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక వస్తువు ముందు నిలిచి, దానిలోని ఏ పేరును అడిగినా, అది ఫంక్షన్ అయితే దానిని పిలిచినా ముందుగా తానే అందుకొనేది ప్రాక్సీ. ప్రామిస్‌ను ఒక ఫంక్షన్‌లో ఉంచి దాని ముందు ప్రాక్సీని నిలిపితే, అడిగిన ప్రతి పేరుకూ, చేసిన ప్రతి పిలుపుకూ 'విలువ వచ్చాక ఇది చేయాలి' అనే కొత్త ప్రామిస్‌ను తయారుచేసి, దానినీ మరో ప్రాక్సీలో పెట్టి ఇస్తుంది. పేర్లు తెలుగు లిపిలోనూ ఉండవచ్చు గనుక, మొత్తం వరుసను

జిల్లా("తుమకూరు").తాలూకా("పావగడ").హోబళి("నాగలమడికె").గ్రామం("తిరుమణి").సర్వే(నంబరు).పహణి

అని రాసి, ముందు ఒకే ఒక అవెయిట్ ఉంచితే చాలు. ఏ మెట్టు విఫలమైనా ఆ దోషం గొలుసు చివరికి చేరుతుంది గనుక దానిని పట్టుకొనే ఏర్పాటూ ఒక్కచోటే సరిపోతుంది.

అసలు చిక్కు 'దెన్' అనే పేరు దగ్గర ఉంది. అవెయిట్ తన ముందున్న వస్తువులో దెన్ అనే ఫంక్షన్ ఉందా అని చూసి, ఉంటే దానిని పిలిచి, ఫలితం చెప్పే బాధ్యతను దానికే అప్పగిస్తుంది. ఏ పేరు అడిగినా ఉన్నట్టే జవాబిచ్చే ప్రాక్సీ దెన్‌ను కూడా మామూలు పేరుగా లెక్కిస్తే, ఆ ఫలితం ఎన్నటికీ రాక గొలుసు అక్కడే నిలిచిపోతుంది. అందువల్ల ఆ ఒక్క పేరును మాత్రం లోపలి అసలు ప్రామిస్‌కే వదిలిపెట్టాలి.

ఇంత చేసినా తగ్గేది రాత మాత్రమే. ప్రతి మెట్టుకూ సర్వర్‌కు వెళ్లిరావడం తప్పదు, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే పల్లెల్లో ఆ రాకపోకలే పెద్ద భారం. అంతకన్నా మేలైన పద్ధతిలో ప్రాక్సీ దేనినీ వెంటనే పంపకుండా పేర్లనూ విలువలనూ వరుసగా గుర్తుపెట్టుకొని, దెన్‌ను అడిగినప్పుడు మొత్తం దారిని ఒకే అభ్యర్థనగా పంపుతుంది. సర్వర్ ఆ మెట్లన్నీ తన దగ్గరే దాటి పహణిని ఒక్కసారే పంపుతుంది. 1990ల చివరలో మార్క్ మిల్లర్ తదితరులు 'ఇ' అనే భాషలో ప్రామిస్ పైప్‌లైనింగ్ పేరుతో సాధించినది ఈ కోవకు చెందినదే. అయితే అందుకు సర్వర్ కూడా ఆ వరుసను చదవగలిగి ఉండాలి, ఎవరికి ఏది చూపవచ్చో ప్రతి మెట్టులోనూ తానే పరీక్షించుకోవాలి.