కువైట్ నుంచి ఊరికి: సెలవులకు ముందే వేసుకోవాల్సిన లెక్కలు

కువైట్‌లో మే నెల వచ్చిందంటే మన తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా మొదటి మాట ఒక్కటే. "ఈసారి ఊరికి ఎప్పుడు?" అబ్బాసియాలో కూరగాయల కొట్టు దగ్గరైనా, మంగఫ్‌లో లిఫ్టులో ఎదురుపడినా ఇదే ప్రశ్న. జవాబు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. టికెట్ల ధర చూసి ఆగినవాళ్లు కొందరు, సెలవు దొరక్క ఆగినవాళ్లు కొందరు. మేం పోయిన ఏడాది, అంటే 2025 వేసవిలో వెళ్లొచ్చాం. ఆ ప్రయాణంలో కొన్ని సంగతులు ముందే తెలిసి ఉంటే కొంత కష్టం తప్పేది. వచ్చే సెలవులకు బయల్దేరేవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

మాది రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌లో ఉన్న తెలుగువాళ్లలో కడప, రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి, ఇటు గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మా ఆయనది కంపెనీ ఉద్యోగం, ఆర్టికల్ 18 అకామా. నేనూ పిల్లలిద్దరూ ఆయన మీద ఫ్యామిలీ వీసాలో, అంటే ఆర్టికల్ 22లో ఉన్నాం.

మొదటి చిక్కు సెలవుల తేదీలే. ఇక్కడి ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలుపెట్టి జూన్‌లో మూస్తాయి. ఎండలు అలాంటివి. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వ నిబంధనే ఉంది. పెద్దవాళ్లకే అలా ఉంటే పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు? అందుకని జూన్, జూలై, ఆగస్టు నెలలు మనకు సెలవులు.

ఊళ్లో మాత్రం వేసవి సెలవులు అయిపోయి జూన్ 12కే బడులు తెరుస్తారు. మనం పెట్టెలు సర్దుకుని దిగేసరికి మామిడిపండ్లు అయిపోవస్తుంటాయి. మేనత్త పిల్లలు, పిన్ని పిల్లలు పొద్దున ఎనిమిదిన్నరకే బడికి పోతారు. "అక్కడికెళ్తే అందరూ ఉంటారు, ఆడుకోవచ్చు" అని మనం ఏడాదంతా ఆశ పెడతాం. పిల్లలకు దొరికేది సాయంత్రాలూ, ఆదివారాలూ. నాకు ఈ సంగతి మూడోసారి వెళ్లినప్పుడు గానీ తలకెక్కలేదు. పగలంతా ఏం చేస్తారో ముందే అనుకోకపోతే ఫోన్ తప్ప వేరే దిక్కుండదు.

రెండోది కాగితాల పని. మన పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది. పాస్‌పోర్టు గడువు దాటి ఇక్కడ అకామా వేయరు. కొత్త పాస్‌పోర్టు వస్తే నంబరు మారుతుంది కాబట్టి ఇక్కడి రికార్డుల్లోనూ మార్పించుకోవాలి. ఈ పని మే నెలలో మొదలుపెడితే ప్రాణం మీదికొస్తుంది. మా చిన్నోడిది జనవరిలోనే చేయించాం కాబట్టి బతికిపోయాం.

బాకీల సంగతి ఇంకోటి. 2023 నుంచి ట్రాఫిక్ జరిమానాలు, కరెంటు, నీళ్ల బిల్లులు కట్టకుండా మనలాంటి ప్రవాసులు దేశం దాటడానికి లేదు. సాహెల్ యాప్‌లో చూసుకుంటే తెలిసిపోతుంది. బయల్దేరే రోజు కాదు, పది రోజుల ముందే చూసుకోండి. మా పక్క ఫ్లాట్ వాళ్లకు ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి కరెంటు బిల్లు ఆయన బతాకా నంబరు మీదే మిగిలిపోయి ఉంది. ముందు చూసుకున్నారు కాబట్టి హారిస్‌ను పట్టుకుని తేల్చుకున్నారు.

ఇక ఎగ్జిట్ పర్మిట్. 2025 జూలై 1 నుంచి ఆర్టికల్ 18 మీద ఉన్నవాళ్లు దేశం దాటాలంటే కంపెనీ అనుమతి తప్పనిసరి. మనం సాహెల్‌లో తేదీలు పెట్టి దరఖాస్తు చేస్తే, కంపెనీవాళ్లు వాళ్ల వైపు నుంచి ఆమోదించాలి. ఆర్టికల్ 22 మీద ఉన్న భార్యాపిల్లలకు ఇది అక్కర్లేదు. అంటే ఒకే ఇంట్లో ముగ్గురు హాయిగా వెళ్లొచ్చు, నాలుగో మనిషి కాగితం కోసం కూర్చోవాలి. మాకు సరిగ్గా అదే జరిగింది.

మేం వేసుకున్న లెక్క ఇదీ. జూన్ 24న నేనూ పిల్లలూ చెన్నై విమానం ఎక్కుతాం. ఆయన ఆగస్టు 7న వస్తారు. 8న వరలక్ష్మీ వ్రతం. 11న మా అత్తకు తిరుపతిలో కంటిపొర ఆపరేషన్. 27న వినాయక చవితి చేసుకుని 30న అందరం తిరుగు ప్రయాణం. ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు ఏడాది నుంచీ చెప్తున్నారు. "అబ్బోడు వచ్చినాక చేయించుకుంటాలే" అని ఆమె వాయిదా వేస్తూ వచ్చింది. అప్పటికి ఎడమ కన్ను దాదాపు కనపడటం లేదు.

జూన్ 23 రాత్రి ఇరాన్ గొడవలతో కువైట్ ఆకాశమార్గం మూసేశారు. కొన్ని గంటల్లోనే తెరిచారు గానీ విమానాలన్నీ తారుమారయ్యాయి. పెట్టెలు తలుపు దగ్గర పెట్టుకుని, చిన్నోడు బూట్లతోనే సోఫా మీద నిద్రపోయాడు. మా ప్రయాణం 26కు మారింది. ఆ రెండు రోజులూ మా అత్త గంటకోసారి ఫోను. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె లెక్క ఆమెదే.

ఊరికి చేరాక మొదటి వారం మామూలే. చిన్నోడికి కడుపునొప్పి, పెద్దదానికి దోమకాట్లు. కరెంటు పోతే ఇద్దరూ నా ముఖమే చూస్తారు. ఒక రాత్రి పెద్దది అందరి ముందే అడిగింది, "మమ్మీ, మనం ఇంటికి ఎప్పుడెళ్తాం?" అని. మా అత్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఇది మీ ఇల్లు కాదా పాపా?" అంది. కోపంగా కూడా అనలేదు. దానికి ఏం చెప్పాలో పాపకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

పదకొండేళ్ల పిల్ల, పుట్టింది ఫర్వానియాలో. దానికి ఇల్లంటే అబ్బాసియాలో మూడో అంతస్తు ఫ్లాటే. అందులో దాని తప్పేమీ లేదు. కానీ రెండేళ్లకోసారి నెల రోజులు వచ్చి, ఆ నెలంతా ఫోను చూసుకుంటూ గడిపితే ఊరు ఎప్పటికీ చుట్టాలిల్లుగానే మిగిలిపోతుంది. ఆ మర్నాటి నుంచి ఒక పద్ధతి పెట్టాం. పొద్దున రెండు గంటలు జేజి దగ్గరే ఉండాలి, ఫోను లేదు. వాళ్ల బడిలో తెలుగు లేదు. జేజికి కళ్లు సరిగా కనపడవు కాబట్టి మందుల పేర్లు, చీటీ లెక్కలు, పాల లెక్క పలక మీద పెద్ద అక్షరాలతో పాప రాసిపెట్టాలి. తప్పులుంటే మధ్యాహ్నం నేను దిద్దుతాను. జూలై చివరికి "పాలు రెండు లీటర్లు, బాకీ నూటిరవై" అని తప్పు లేకుండా రాసింది. అవసరం ఉంది కాబట్టి నేర్చుకుంది. పాఠం అని కూర్చోబెడితే రాసేది కాదు.

ఆగస్టు వచ్చింది. ఆయన దరఖాస్తు పెట్టారు, కంపెనీ ఆమోదం రాలేదు. ఆ పని చూసే మందూబే సెలవులో ఉన్నాడట. సెలవు ఇవ్వమని ఎవరూ అనలేదు, నొక్కాల్సిన బటన్ నొక్కే మనిషి లేడు. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది. అయితే అది ఎప్పుడు తీసుకోవాలో నిర్ణయించే హక్కు యజమానిదే. టికెట్ 12కు మార్చుకున్నారు. మార్చినందుకు కట్టిన డబ్బు వేరే.

వ్రతం ఆయన లేకుండానే అయింది. ఆపరేషన్ మాత్రం మళ్లీ వాయిదా వేయడానికి నేను ఒప్పుకోలేదు. "వాడు లేకుండా ఎట్లా మే?" అని మా అత్త భయపడింది. "నేనున్నాను కదత్తా" అన్నాను. అనేశాను గానీ, కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది. పాప మాతోపాటే వచ్చింది. చుక్కల మందు ఏ పూట ఎన్నిసార్లు వేయాలో జేజి కోసం తెలుగులో రాసిపెట్టింది అదే. ఆయన మర్నాడు దిగేసరికి అత్త నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. అద్దాలు కొంచెం పైకెత్తి చూసి, "ఫోన్‌లో కంటే నల్లబడినావు రా" అంది. ఆయన నవ్వలేకపోయారు.

ఇందులోంచి నేను నేర్చుకున్నవి నాలుగు మాటల్లో చెప్తాను.

పిల్లల పాస్‌పోర్టులు జనవరిలోనే చూసుకోండి. బాకీలు బయల్దేరే పది రోజుల ముందు తేల్చుకోండి.

ఇంటాయన టికెట్ వేరుగా, తేదీ మార్చుకునే వీలున్నది కొనండి. పర్మిట్ దరఖాస్తు పెట్టే ముందు, ఆమోదించే మనిషి ఆ వారం ఊళ్లో ఉంటాడో లేదో అడగండి.

పిల్లల్ని కొన్నాళ్లు ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర వదలాలనుకుంటే, ఆరు నెలలకు మించి కువైట్ బయట ఉంటే అకామా రద్దవుతుందని గుర్తుంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, పెద్దవాళ్ల వైద్యాన్ని కొడుకు సెలవుతో ముడిపెట్టకండి. మన సెలవు మన చేతిలో ఉండదు. ఆపరేషన్‌కు ఒక తేదీ, ప్రయాణానికి ఒక తేదీ ఉండనివ్వండి. కుదిరితే రెండూ కలుస్తాయి, లేకపోయినా వైద్యం ఆగదు.

ఈ వేసవికి మేం వెళ్లడం లేదు, ఖర్చు తట్టుకోలేం. సాయంత్రం చల్లబడ్డాక షహీద్ పార్కుకో, సాల్మియా తీరానికో పోవడం, ఒక శుక్రవారం సైంటిఫిక్ సెంటర్ చూడటం, అంతే. పాల లెక్క మాత్రం ఆగలేదు. ప్రతి శుక్రవారం జేజి ఫోన్‌లో చెప్తుంది, పాప ఇక్కడ నోటుబుక్కులో రాస్తుంది. రాసింది ఫొటో తీసి పంపితే మా అత్త ఇప్పుడు తనే చదువుకుంటోంది.