ప్రమాదమని తెలిసినా బండి మీద అంత ఇష్టం ఎందుకు?

బండి మీద నుంచి పడిన యువకుణ్ణి ఆసుపత్రిలో చేర్చాక, బయట బెంచీ మీద కూర్చున్న అమ్మా నాన్నా మమ్మల్ని అడిగే మాట దాదాపు ఒకటే. "ఎన్నిసార్లు చెప్పామో సిస్టరుగారూ, వింటేనా? ప్రాణం కన్నా బండే ఎక్కువైందా వాడికి?" లోపల ఆ అబ్బాయికి స్పృహ వచ్చి, కాస్త మాట్లాడగలిగాక, "నా బండి ఎలా ఉంది?" అని అడుగుతాడు. అది విన్న ఇంట్లోవాళ్ళకు దుఃఖంతో పాటు కోపం కూడా వస్తుంది.

ఆ కోపం సహజమే. అయితే గాయం మానిన తరువాత చాలామంది మళ్ళీ బండి ఎక్కుతారు. ఆ రోజున మన మాట వాళ్ళ చెవికి ఎక్కాలంటే, ఈ ఇష్టం ఎక్కడ నుంచి వస్తుందో ముందు మనకు తెలియాలి.

బండి ఏమి ఇస్తుంది?

మొదటిది శరీరానికి కలిగే ఆనందం. కారులో మనం కూర్చుంటాం, అంతే. బండి మీద అలా కాదు. మలుపు వచ్చినప్పుడు బండితో పాటు ఒళ్ళంతా వంగుతుంది. మన లోపలి చెవిలో శరీరం అదుపు తప్పకుండా చూసే భాగం ఒకటి ఉంది. అది, కళ్ళు, చేతులు, కాళ్ళు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ముఖానికి గాలి తగులుతుంది. వేగం పెరిగినప్పుడు శరీరంలో ఎడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది. మెదడులో సంతోషానికి సంబంధించిన డోపమైన్ అనే రసాయనం కూడా పనిచేస్తుంది. మనసంతా రోడ్డు మీదే ఉంటుంది గనుక ఇంట్లో అప్పులు, పరీక్షల దిగులు ఆ కాసేపు గుర్తుకు రావు. ఉయ్యాల ఊగే పసివాడికి కలిగే సంతోషం కూడా ఇలాంటిదే.

రెండవది స్వేచ్ఛ. బస్సు కోసం గంటసేపు ఎదురుచూడనక్కరలేదు, ఎవరినీ బతిమాలనక్కరలేదు. ఊరి నుంచి కాలేజీకి స్కూటీ మీద వెళ్ళే అమ్మాయికి చదువు ఆగకుండా సాగడానికి ఆ స్కూటీయే కారణం కావచ్చు. పాలు పోసేవారికి, చేపలు అమ్మేవారికి, ఇంటింటికీ భోజనం చేర్చే కుర్రాళ్ళకు బండే జీవనాధారం.

మూడవది గౌరవం. మొదటి జీతంతో, వాయిదాల మీద కొన్న బండి "నేను పెద్దవాణ్ణయ్యాను" అని నలుగురికీ చెబుతుంది. ఇది ఈ తరంతో మొదలైంది కాదు. హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 బండ్లు మన దేశంలోకి 1985లో వచ్చాయి. ఆ రోజుల్లో వీధి చివర ఆర్.ఎక్స్. చప్పుడు వినగానే బయటికి వచ్చి చూసిన కుర్రాళ్ళే ఈనాటి తండ్రులు. నాన్నగారూ, ఒక్కసారి మీ వయసు గుర్తుచేసుకోండి. మీ అబ్బాయి మీకు అంత కొత్తగా కనిపించడు.

మరి భయం ఎందుకు కలగదు?

చాలామంది తల్లిదండ్రులు "వాడికి భయం లేదు" అంటారు. నిజానికి బండే ఆ భయాన్ని పోగొడుతుంది. మొదటిసారి వేగంగా వెళ్ళినప్పుడు ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. కాని ఏమీ కాకుండా ఇంటికి చేరతారు. రెండోసారీ అంతే. ఇలా వందసార్లు క్షేమంగా తిరిగివస్తే "నాకేం కాదు, నా చేతిలో బండి గట్టిగా ఉంటుంది" అని మెదడు నేర్చుకుంటుంది. ఆ వందసార్లలో ఎన్నిసార్లు ఎదుటి లారీ డ్రైవరు బ్రేకు వేసి కాపాడాడో, ఎన్నిసార్లు కుక్క అడ్డం రాబోయి ఆగిపోయిందో అతనికి తెలియదు.

వయసు కూడా ఒక కారణమే. ముందుచూపుతో ఆలోచించి, తొందరను ఆపే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ళ వయసు దాకా పూర్తిగా ఎదగదు. ఉత్సాహాన్ని కోరే భాగాలు అంతకు ముందే చురుకుగా ఉంటాయి. పక్కన స్నేహితులు ఉంటే ఇది మరీ ఎక్కువ. 2005లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో కారు నడిపే వీడియో ఆట ఆడించి చూశారు. ఒంటరిగా ఆడినప్పటి కన్నా స్నేహితులు చూస్తున్నప్పుడు కుర్రవాళ్ళు ఎక్కువ సాహసం చేశారు. అందుకే ఒంటరిగా నెమ్మదిగా వెళ్ళే మంచి పిల్లవాడు కూడా వెనుక ఇద్దరు ఎక్కగానే మారిపోతాడు.

వేగం లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగం ఇవాళ ఎవరికీ ఎక్కువ అనిపించదు. అయితే ఆ వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని కన్ను చూసి, చెయ్యి బ్రేకు నొక్కేలోపే సుమారు ఒక సెకను గడుస్తుంది. అదే వేగంతో గోడకు తగిలితే, నాలుగు అంతస్తుల మేడ పైనుంచి నేల మీద పడినంత దెబ్బ తగులుతుంది. వేగం రెట్టింపయితే దెబ్బ బలం నాలుగింతలవుతుంది.

మెదడు చాలా మెత్తని అవయవం. తల ఒక్కసారిగా ఆగినప్పుడు అది లోపల పుర్రె ఎముకకు కొట్టుకుంటుంది. హెల్మెట్టు లోపల ఉండే థర్మోకోలు వంటి పొర నలిగిపోతూ ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, హెల్మెట్టు వల్ల మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతున్నట్లు తేలింది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో హెల్మెట్టు లేకుండా పోయినవారే 50 వేల మంది. ఆ 50 వేలలో 14 వేల మందికి పైగా బండి వెనుక కూర్చున్నవాళ్ళు.

ఇంట్లో ఎలా మాట్లాడాలి?

"చచ్చిపోతావురా" అని రోజూ అంటే కొన్నాళ్ళకు ఆ మాటకు విలువ పోతుంది. ఎందుకంటే అతను రోజూ క్షేమంగానే తిరిగివస్తున్నాడు. "బండి అంటే నీకు ఇష్టమని మాకు తెలుసు. ఎక్కవద్దని అనం. ఈ నాలుగు మాత్రం తప్పకుండా చెయ్యి" అని చెప్పి చూడండి. తన ఇష్టాన్ని తప్పుపట్టని మాటను మనిషి తొందరగా తోసిపుచ్చలేడు.

1. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్టు పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకోవాలి. పట్టీ బిగించని హెల్మెట్టు పడేటప్పుడు ముందే ఎగిరిపోతుంది. ఒకసారి ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్టును మళ్ళీ వాడకూడదు.
2. వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్టు ఉండాలి. నాలుగేళ్ళు దాటినవారికి చట్టం కూడా ఇదే చెబుతోంది. బండి మీద ముగ్గురు ఎక్కకూడదు. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోవాలి.
3. మందు తాగితే ఆ రాత్రి బండి తాళం ముట్టుకోకూడదు. "ఎంత రాత్రయినా ఫోను చెయ్యి, వచ్చి తీసుకువెళ్తాం, తిట్టం" అని మీరు మాట ఇవ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.
4. దారిలో ఫోను మోగితే బండి ఆపి మాట్లాడాలి. "ఎక్కడున్నావు?" అని పదే పదే ఫోను చేసేది మనమే కాబట్టి ఈ నియమం మనకూ వర్తిస్తుంది.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల చేతికి గేర్ల బండి ఇవ్వకండి. మైనరు బండి నడిపి నేరం చేస్తే, 2019లో సవరించిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు.

డిశ్చార్జి అయ్యాక బండి అమ్మేయాలా?

ఇది మమ్మల్ని తరచు అడుగుతారు. బండి లేకపోతే పని జరగని ఇల్లయితే అమ్మినా నెలలోపే మరొకటి వస్తుంది. అతనికి తెలియకుండా అమ్మితే స్నేహితుల బండి, అదీ హెల్మెట్టు లేకుండా, ఎక్కుతాడు. కాబట్టి అతనితో కూర్చుని నిర్ణయించండి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. తలకు దెబ్బ తగిలినవారు, ఫిట్స్ వచ్చినవారు, ఎముక విరిగి కట్టు ఉన్నవారు డాక్టరుగారు సరే అనేదాకా బండి నడపకూడదు. బయటికి బాగానే కనిపించినా తల తిరగడం, చూపు తేడా, మతిమరుపు కొన్ని వారాలు ఉండవచ్చు. ఫిట్స్ మందులు మధ్యలో మానకూడదు.

ప్రమాదం జరిగిన తరువాత కొన్ని వారాలు అతను మీ మాట వినే స్థితిలో ఉంటాడు. ఆ రోజులను నిందలతో గడపకండి. మంచం పక్కన కూర్చుని, అన్నం తినిపిస్తూ, ఈ నాలుగు విషయాలూ నెమ్మదిగా మాట్లాడండి. ఇంటికి వెళ్ళేలోగా ఒక మంచి హెల్మెట్టు కొని పెట్టండి.