పదిమంది పొదుపు మోసే విశ్వాసి



మన సంఘాల్లో ఒక కొత్త తరహా స్వయం ఉపాధి పెరుగుతోంది. ఎల్ఐసీ ఏజెంటుగా మొదలై, ఆపైన పరీక్ష రాసి మ్యూచువల్ ఫండ్ల పంపిణీదారుగా పేరు నమోదు చేయించుకుని, ఇంటి ముందుగదిలోనే చిన్న ఆఫీసు తెరిచినవారు విడవలూరు వంటి మండల కేంద్రాల్లోనూ కనబడుతున్నారు. పిల్లల చదువుకు నెలకెంత దాచాలి, ఆరోగ్య బీమా ఎంతకు తీసుకోవాలి, వయసు మళ్లాక ఎలా గడుస్తుంది అని ఇంటింటికీ చెప్పేది వీరే. ఇది మంచి పరిచర్య కూడా. అయితే ఈ పనిలో ఉన్నవారికి నిద్ర పట్టకపోవడం, ఫోను మోగితే గుండె దడ, ఆదివారం ఆరాధనలో కూర్చున్నా మనసు వేరేచోట ఉండడం కాపరులుగా మేము గమనిస్తున్నాం. ఈ ఒత్తిడి ఎక్కడినుండి వస్తుందో, దేవుని వాక్యం దానికి ఏ దారి చూపుతుందో ఈ వారం ఆలోచిద్దాం.

ఒత్తిడి ఎక్కడినుండి?

మొదటిది, మన ప్రాంతపు ఆదాయం తీరు. సిప్ వాయిదా నెలనెలా ఒకే తేదీన బ్యాంకు ఖాతాలోనుండి వెళ్లిపోతుంది. మన రాబడి అలా రాదు. వరి పంట చేతికొస్తే రైతుకు డబ్బు, చెరువు పడితే రొయ్యల రైతుకు డబ్బు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ రొయ్యల చెరువు గట్టుదాకా వచ్చింది. అలాంటి నెలల్లో వాయిదాలు ఆగుతాయి, పాలసీలు మూలనపడతాయి.

రెండవది, సలహాదారుని సొంత రాబడి. ఫండ్ అమ్మిన రోజే ముందుగా కమీషన్ తీసుకునే పద్ధతిని సెబీ 2018లో మాన్పించింది. ఇప్పుడు ఖాతాదారుల సొమ్ము నిలిచి ఉన్నంతకాలం, ఆ సొమ్ము విలువనుబట్టి కొద్దికొద్దిగా వస్తుంది. కొనేవారికి ఇది మేలు. కాని మార్కెట్ పడినప్పుడు ఖాతాదారుని సొమ్ముతోపాటు సలహాదారుని రాబడీ తగ్గుతుంది. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా పడిపోయింది. మళ్లీ పాత స్థాయికి చేరేసరికి నవంబరు వచ్చింది. తన ఇల్లు గడవడమే కష్టమైన ఆ నెలల్లో, పదిమందికీ ధైర్యం చెప్పవలసింది కూడా అతడే.

మూడవది అన్నిటికంటె బరువైనది: నమ్మిక. పట్నంలో ఖాతాదారుడంటే ఖాతాదారుడే. మన ఊళ్లో అతడు పెదనాన్న, ఆమె అత్త, పక్క బల్లమీద కూర్చునే సంఘపెద్ద. వారు కంపెనీని చూసి కాదు, "నువ్వు చెప్పావు గదా అబ్బాయ్" అని డబ్బు పెడతారు.

అగ్రిగోల్డ్ నేర్పిన పాఠం

ఈ నమ్మిక ఎంత ప్రమాదానికి దారితీయగలదో మన రాష్ట్రం కళ్లారా చూసింది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్, సుమారు 32 లక్షల మంది దగ్గర 6,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. 2014-15లో చెల్లింపులు ఆగిపోయాయి. జనం వెళ్లి నిలబడింది యజమానుల గుమ్మం ముందు కాదు, ఊళ్లోని ఏజెంటు గుమ్మం ముందు. ఆ ఏజెంట్లలో చాలామంది తమ సొమ్మునూ, తమవారి సొమ్మునూ అందులోనే పెట్టినవారు. డిపాజిటర్లలోనూ ఏజెంట్లలోనూ ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2019 నవంబరులో 10,000 రూపాయల లోపు, 2021 ఆగస్టులో 20,000 లోపు డిపాజిట్లకు ప్రభుత్వం సొమ్ము చెల్లించింది. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయాయి. ఆ పథకానికి సెబీ అనుమతి ఉందా లేదా అని ముందే చూడడం ఏజెంటు బాధ్యత. కూలిపోయిన సంస్థ అప్పంతా తన ఒక్కని మెడకు చుట్టుకోవడం అతని బాధ్యత కాదు.

భారము, బరువు

గలతీ పత్రిక 6వ అధ్యాయంలో పౌలు ఒకరి భారాలు ఒకరు మోయాలని రెండవ వచనంలో చెప్పి, ఐదవ వచనానికి వచ్చేసరికి ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. చదివేవారికి పొంతన లేనట్టు తోస్తుంది. మూలభాషలో అవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది "బారొస్", మనిషిని అణగదొక్కే భారం. రెండవది "ఫోర్తియోన్", ఒకరికి అప్పగించిన మూట. అపొస్తలుల కార్యములు 27లో ఓడ సరుకుకు వాడిన మాట కూడా ఇదే. ఓడ తన సరుకు తాను మోయాలి, తుపాను తన తప్పని అనుకోనక్కరలేదు.

సలహాదారుని మూట ఇది: నష్టం రావచ్చని మొదటిరోజే చెప్పడం, చెప్పింది కాగితంమీద పెట్టడం, తనకెంత కమీషన్ వస్తుందో దాచకపోవడం, నమోదులేని పథకాన్ని ఎంత ఆశ చూపినా ముట్టకపోవడం, పంటనుబట్టి రాబడి వచ్చేవారికి పెద్ద వాయిదా అంటగట్టకపోవడం. ఇది నమ్మకంగా మోసినవానికి రాత్రి నిద్ర పట్టడానికి ఆధారముంటుంది. మార్కెట్, వాన, రొయ్యల తెగులు, సుంకాలు అతని మూటలోనివి కావు.

సామెతలు 6వ అధ్యాయం పొరుగువానికి పూటపడినవాణ్ణి వెంటనే విడిపించుకొమ్మని హెచ్చరిస్తుంది. గడువు దాటిపోతోందని ఖాతాదారుని ప్రీమియం తన జేబులోనుండి కట్టి, తరువాత అడగలేక, వడ్డీకి తెచ్చి నలిగిపోయే ఏజెంట్లు ఈ అధ్యాయం చదవాలి. "నాదీ పూచీ" అనే మాట నోట రానీయకండి.

ఆచరణలో

నిర్గమకాండం 18లో ఉదయం మొదలు సాయంత్రం వరకు ఒక్కడే అందరి తగవులూ వింటున్న మోషేను చూసి, ఇది నీకూ ప్రజలకూ మంచిది కాదని మామ యిత్రో చెప్పాడు. మీరూ ఫోనుకు వేళలు పెట్టండి. కాగితాల పనికి ఒకరిని తోడు తెచ్చుకోండి. ఇదే వృత్తిలో ఉన్న మరొకరితో నెలకోసారైనా కూర్చుని మనసు విప్పండి. ఆదివారం లెక్కల పుస్తకం మూయండి. మంచి నెలల్లో వచ్చినదానిలో ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. ఇతరులకు చెప్పే ఈ మాట మన ఇంట్లోనే అమలు కాకపోవడం చూస్తున్నాం.

చావు కోరుకుని చెట్టుకింద పడుకున్న ఏలీయాకు దేవుడు మొదట ప్రసంగం పంపలేదు, నిద్రనూ రొట్టెనూ నీళ్లనూ ఇచ్చాడు. నిద్రలేని రాత్రులు వారాలు దాటితే వైద్యుని కలవడం అవిశ్వాసం కాదు. ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

సంఘానికి ఒక మాట

నెల్లూరు జిల్లా పొదుపులో దేశానికి దారి చూపిన జిల్లా. దూబగుంటలో సారాపై తిరగబడిన స్త్రీల ఉద్యమం వెంబడి, 1990లలో రోజుకొక రూపాయి దాచే పొదుపు లక్ష్మి గుంపులు ఇక్కడ పుట్టాయి. పదిమందీ చుట్టూ కూర్చుని, లెక్క అందరిముందు చదవడంలోనే వాటి బలముంది. ఒక్కరి తలమీద నమ్మకమంతా పెట్టలేదు.

మనమూ అలాగే చేద్దాం. డబ్బు పెట్టేముందు నమోదు అడిగి చూడడం మన మూట. గుడి ఆవరణలో పాలసీల మాట ఎత్తవద్దు. కాపరులు పుల్పిట్ మీదనుండి ఏ పథకాన్నీ సిఫారసు చేయవద్దు. నష్టం వచ్చిన రోజున ఆ సహోదరుని గుమ్మం ముందుకు గుంపుగా వెళ్లవద్దు, లెక్క అడగాలంటే ఇద్దరు పెద్దలతో కూర్చుని అడగండి. ఆ రోజు అతనిమీద పడేది మూట కాదు, భారం. దాన్ని పంచుకోవడం మన పని.

అందరి భారములను మోసే ప్రభువు ఈ సేవలో ఉన్న ప్రతివారికీ తన సమాధానము అనుగ్రహించును గాక. ఆమేన్.