సర్జరీకి ముందు నిద్ర ఎందుకు ముఖ్యం? మీ స్మార్ట్‌వాచ్ ఏం చెప్పగలదు?

మాది తుక్కుగూడ. మోకాలి లిగమెంట్ సర్జరీకి ముందు రాత్రి టెన్షన్‌తో రీల్స్ చూస్తూ గడిపేశా. పొద్దున వాచ్‌లో చూస్తే నిద్ర 3 గంటల 40 నిమిషాలే! ఆపరేషన్ బాగానే అయింది కానీ, నొప్పి మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువే. అదంతా నిద్ర వల్లేనని చెప్పలేను. కానీ రెండింటికీ లింక్ ఉంది.

నిద్ర తగ్గితే ఏమవుతుంది?

బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ప్రచురించిన స్టడీలో, రాత్రంతా మేలుకున్నవాళ్ల కాలికి వేడి తగిలిస్తూ మెదడు స్కాన్ చేశారు. నొప్పిని గుర్తించే భాగం మరింత చురుగ్గా పనిచేసింది, నొప్పిని అదుపు చేసే భాగాలు డల్ అయ్యాయి. అంటే వాల్యూమ్ పెరిగింది, మ్యూట్ బటన్ పనిచేయలేదు.

ముందే బాగా పడుకుంటే?

డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్ స్టడీ (2017)లో, కీళ్ల మార్పిడికి ముందు వారం పాటు రోజూ గంట ఎక్కువ సేపు పడుకున్నవాళ్లకి నొప్పీ, పెయిన్‌కిల్లర్ల వాడకమూ తగ్గాయి. చిన్న స్టడీయే, కానీ ఖర్చులేని చిట్కా.

వాచ్‌ని నమ్మొచ్చా?

చేతి కదలికలు, గుండె వేగాన్ని బట్టి వాచ్ అంచనా వేస్తుందంతే. డీప్ స్లీప్ నంబర్లు పట్టించుకోకండి, వారం మొత్తం మీద ఎన్ని గంటలు పడుకున్నారో చూడండి. గురక ఎక్కువుంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోవద్దు.

ఆ వారం ఫోన్‌ని పక్క గదిలో ఛార్జింగ్ పెట్టండి. నేను చేయనిది అదే.