మైనర్ తీసుకుంటే బ్రాంచ్ మారినట్టేనా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్‌ఈ దొరక్క మెకానికల్‌లోనో సివిల్‌లోనో చేరిన పిల్లల ఇళ్లల్లో రెండో ఏడాది రాగానే ఒక మాట వినిపిస్తుంది: 'కంప్యూటర్స్‌లో మైనర్ తీసుకో, సరిపోతుంది.' దేనికి సరిపోతుందో, దేనికి సరిపోదో ఎవరూ విడమరిచి చెప్పరు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018 నమూనా సిలబస్‌లో బీటెక్‌ను 160 క్రెడిట్లకు పరిమితం చేసింది. అదనంగా మరో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే వేరే విభాగంలో మైనర్ ఇవ్వొచ్చంది. మన జేఎన్‌టీయూల రెగ్యులేషన్లలోకీ ఈ పద్ధతి వచ్చింది. దానితోపాటు అపోహలూ వచ్చాయి.

అపోహ: మైనర్ అంటే రెండో డిగ్రీ.

వాస్తవం: పట్టా ఒక్కటే. మెకానికల్‌లో బీటెక్, కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ అని అందులోనే రాస్తారు. ఇరవై క్రెడిట్లంటే ఐదారు సబ్జెక్టులు, అంతే.

అపోహ: మైనర్ ఉంటే సీఎస్‌ఈ వాళ్లకున్న అర్హతలన్నీ వస్తాయి.

వాస్తవం: రావు. ప్రభుత్వ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఏఈఈ) పోస్టులకు నోటిఫికేషన్‌లో అడిగేది ఆ బ్రాంచ్ డిగ్రీనే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీ ఫలానా బ్రాంచ్‌లకే అని షరతు పెడితే, చూసేదీ మేజర్‌నే, అంటే అసలు బ్రాంచ్‌నే. అన్ని బ్రాంచ్‌లనూ పిలిచే ఐటీ కంపెనీలు కోడింగ్ పరీక్ష ఎలాగూ పెడతాయి. అక్కడ పనికొచ్చేది నేర్చుకున్న విద్య, మైనర్ అన్న పేరు కాదు. అమెరికాలో బ్యాచిలర్స్ చదివే మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. బిజినెస్ మేజర్‌కు ఇంజినీరింగ్ మైనర్ జోడించినంత మాత్రాన చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీకి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీల వాళ్లకిచ్చే 24 నెలల పొడిగింపు రాదు. మేజర్ స్టెమ్ జాబితాలో ఉండాల్సిందే. ఇది తెలియక లక్షలు పోసి పంపే తల్లిదండ్రులను తలచుకుంటే బాధేస్తుంది.

అపోహ: మైనర్ చేస్తేనే గేట్‌లో సీఎస్ పేపర్ రాయనిస్తారు.

వాస్తవం: మూడో ఏడాదికి వచ్చిన ఏ బ్రాంచ్ విద్యార్థైనా రాయొచ్చు. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా ఉంది.

అపోహ: మైనర్ అంటే కోర్ బ్రాంచ్ నుంచి బయటపడే దారి.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేస్తున్న అపోహ ఇది. మైనర్ బాగా అక్కరకొచ్చేది సొంత బ్రాంచ్‌లోనే. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతినే తీసుకోండి. ఒక యంత్ర భాగం మీద భారం పడితే ఎక్కడ ఎంత వంగుతుందో తేల్చడానికి దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి సమీకరణాలు రాస్తారు. 10,000 సమీకరణాలుంటే వాటి గుణకాలను అమర్చిన మాత్రికలో 10 కోట్ల గడులుంటాయి. గడికి 8 బైట్ల చొప్పున మొత్తం దాచబోతే 800 ఎంబీ మెమరీ కావాలి. కానీ ప్రతి ముక్కకూ చుట్టుపక్కల ముక్కలతోనే సంబంధం కాబట్టి గడులు దాదాపు అన్నీ సున్నాలే. వరసకు 80 అంకెలే మిగిలాయనుకున్నా, వాటినీ వాటి స్థానాలనూ మాత్రమే దాచుకుంటే 10 ఎంబీ చాలు. సున్నాలు ఎందుకొచ్చాయో మెకానికల్ చెబుతుంది, వాటిని వదిలేసి ఎలా దాచాలో మైనర్‌లో చదివే డేటా స్ట్రక్చర్స్ చెబుతుంది. రెండూ తెలిసిన ఇంజినీరు సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కి ఊరుకోడు, అది ఇచ్చిన జవాబును ప్రశ్నించగలడు. సొంత సబ్జెక్టును గాలికొదిలేస్తే ఈ బలం రాదు.

అపోహ: ఎన్‌పీటెల్ వీడియోలు చూస్తే క్రెడిట్లు వచ్చేస్తాయి.

వాస్తవం: చాలా రెగ్యులేషన్లు కొన్ని మైనర్ క్రెడిట్లను ఆన్‌లైన్ కోర్సులతో పూర్తిచేయనిస్తాయి. కానీ వీడియోలు చూస్తే చాలదు. ఎన్‌పీటెల్‌లో పన్నెండు వారాల కోర్సుకు వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. వాటిలో మంచి మార్కులొచ్చిన ఎనిమిదింటికి 25 శాతం, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాసేదానికి 75 శాతం లెక్క. ఆ పరీక్షలో 75కి కనీసం 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు.

అపోహ: మైనర్ మధ్యలో మానేస్తే బీటెక్ ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. అయితే అప్పటిదాకా సంపాదించిన మైనర్ క్రెడిట్లను ఎలక్టివ్‌ల కింద మార్చుకోవడం సాధారణంగా కుదరదు. చేరడానికి ఎంత సీజీపీఏ కావాలి, బ్యాక్‌లాగ్స్ ఉంటే ఒప్పుకుంటారా, ఏ సెమిస్టర్ నుంచి మొదలు అన్నవి యూనివర్సిటీని బట్టి మారతాయి. సీనియర్ల మాట కాకుండా మీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం తెరిచి చూడండి.

అపోహ: మైనరంటే కంప్యూటర్సే.

వాస్తవం: సీఎస్‌ఈ విద్యార్థి ఈఈఈలోనో సివిల్‌లోనో మైనర్ చేయొచ్చు. సోలార్ గ్రిడ్‌కో వరద అంచనాకో ప్రోగ్రామ్ రాసేవాడికి ఆ చదువు ఎంతో అవసరం. కాకపోతే తగినంత మంది పేర్లివ్వకపోతే కాలేజీలు సాధారణంగా ఆ సబ్జెక్టులు పెట్టవు. కాబట్టి ఆసక్తి ఉన్నవాళ్లంతా కలిసి, రిజిస్ట్రేషన్‌కు ముందే వెళ్లి హెచ్‌ఓడీని అడగాలి.