బంగారు బీరకాయ పీచు: వేడి ఒక్కటే కాదు, గాలి కూడా లెక్కే

ఎండిన బీరకాయ పీచు అందరం చూసిందే. అడ్డదిడ్డంగా అల్లుకున్న పోగులు, వాటి మధ్య ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారులున్న ఖాళీలు. అదే అల్లిక బంగారంతో ఉండి, ఒక్కో పోగు మందం 20 నానోమీటర్లయితే దాన్ని నానోపోరస్ గోల్డ్ అంటారు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంటే ఒక్క వెంట్రుక అడ్డంలో ఇలాంటి పోగులు నాలుగు వేలు పడతాయన్నమాట!

ఈ రంధ్రాలు ఎవరూ తొలవరు. నూటికి 70 వెండి పరమాణువులు, 30 బంగారు పరమాణువులు ఉండే మిశ్రమ లోహాన్ని గాఢ నత్రికామ్లంలో వేస్తారు. వెండి కరిగిపోతుంది. బంగారం కరగదు, కానీ ఉన్నచోట ఊరుకోదు కూడా. మిగిలిన బంగారు పరమాణువులు ఉపరితలం మీద తిరిగి తిరిగి గుంపులు కడతాయి. అవి పక్కకి తప్పుకున్న చోట కొత్త వెండి బయటపడుతుంది, ఆమ్లం ఇంకాస్త లోపలికి దిగుతుంది. ఇలా లోపలిదాకా అల్లిక తయారవుతుంది. 2001లో జోనా ఎర్లెబాకర్ బృందం నేచర్ పత్రికలో ఈ సంగతిని వివరించింది.

ఇంత కష్టం ఎందుకంటే, ఉపరితలం కోసం. చిన్న లెక్క వేద్దాం. పోగుని సన్నటి సిలిండర్ అనుకుంటే, గ్రాముకి వచ్చే ఉపరితలం = 4 ÷ (సాంద్రత × మందం). బంగారం సాంద్రత 19.3, మందం 20 నానోమీటర్లు అయితే గ్రాముకి సుమారు 10 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న గదంత. కార్బన్ మోనాక్సైడ్‌ని ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చే ఉత్ప్రేరకంగా ఇది పనిచేసేది ఈ ఉపరితలం మీదే. పోగు మందం 200 నానోమీటర్లకి పెరిగితే? గదంతా పోయి ఒక్క చదరపు మీటరు మిగులుతుంది. బంగారం మాత్రం ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గలేదు!

వేడి చేసే పని

బంగారం కరిగేది 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కాబట్టి 300 డిగ్రీలు పెద్ద లెక్క కాదనిపిస్తుంది. కానీ ఇక్కడ లోహం కరగక్కర్లేదు, ఉపరితలం మీది పరమాణువులు కదిలితే చాలు. పులుసు మీద తేలే చిన్న చిన్న నూనె చుక్కలు కలిసి పెద్ద చుక్క అవుతాయి కదా, ఉపరితల శక్తి తగ్గించుకోవడానికి. ఇక్కడా అదే తొందర. సన్నటి పోగులు తెగిపోతాయి, వాటి బంగారం లావు పోగులకి చేరుతుంది, చిన్న రంధ్రాలు పెద్దవవుతాయి. ముక్క బయటి ఆకారం మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. కంటికి ఏమీ తెలీదు, మైక్రోస్కోపు కింద పెడితేనే బండారం బయటపడుతుంది.

ఉపరితల విసరణ సిద్ధాంతం ప్రకారం, మందం నాలుగో ఘాతం కాలంతో పాటు పెరుగుతుంది. అంటే చాలాసేపు వేడిచేసినప్పుడు, మందం మళ్లీ రెట్టింపు కావాలంటే అప్పటిదాకా పట్టిన కాలానికి 16 రెట్లు కావాలి. మార్పు మొదట్లో జోరుగా, తర్వాత నిదానంగా సాగేది ఇందుకే. వేడి పెంచితే మాత్రం ఈ నిదానం నిలవదు. పరమాణువుల కదలిక ఉష్ణోగ్రతతో ఘాతీయంగా పెరుగుతుంది.

గాలి చేసే పని

పరమాణువు ఎంత సులువుగా కదులుతుందన్నది దానికి అంటుకున్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. 2014లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక విచిత్రం కనబడింది. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సీకరణ జరుగుతుంటే, ఆ చర్య వల్లే బంగారు పరమాణువులు చురుగ్గా కదిలి పోగులు లావెక్కుతున్నాయి. అంటే ఉత్ప్రేరకం తన పని తాను చేస్తూనే అరిగిపోతోంది.

రాగి సంగతి వేరు. గాలిలో వేడిచేస్తే పోగు ఆక్సైడ్‌గా మారి ఉబ్బుతుంది, రంధ్రాలు ఇరుకవుతాయి. హైడ్రోజన్‌లో వేడిచేస్తే ఆక్సైడ్ పోయి లోహం శుభ్రపడుతుంది. ఇక అడ్డేముంది, పోగులు లావెక్కుతాయి. ఒకే లోహం, ఒకే ఉష్ణోగ్రత, రెండు రకాల ఫలితాలు. 1920లలో మర్రే రానీ తయారుచేసిన రంధ్రాల నికెల్ అయితే ఇంకో అడుగు ముందుకేస్తుంది. ఆరిపోయి గాలి తగిలితే ఫర్నేస్ అక్కర్లేకుండానే అంటుకుంటుంది. అందుకే దాన్ని నీళ్లలో ఉంచుతారు.

మరి దీనికి మందు లేదా? ఉంది. 2011లో బంగారు పోగుల మీద ఒక్క నానోమీటరు మందాన అల్యూమినా పూత వేసి చూస్తే, 1000 డిగ్రీల దాకా అల్లిక చెదరలేదు. పరమాణువులు తిరిగే దారి మూసేశారు, అంతే.

కాబట్టి ప్రాజెక్ట్ రికార్డులో "300 డిగ్రీలు, ఒక గంట" అని రాసి ఊరుకుంటే సగమే రాసినట్టు. ఫర్నేస్‌లో ఉన్నది గాలా, ఆర్గానా, హైడ్రోజనా? ఆ ఒక్క మాట లేకపోతే, వచ్చే ఏడాది జూనియర్ అదే ప్రయోగం చేసి వేరే ఫలితం తెచ్చుకుంటాడు, తప్పెక్కడ జరిగిందో తెలీక తల పట్టుకుంటాడు.