వ్యర్థాన్ని కళ్లకు కట్టే పటం: చిన్న పరిశ్రమలకు లీన్ ప్రక్రియా చిత్రణ

ఉత్పత్తి వ్యయాన్ని తగ్గించాలంటే కొత్త యంత్రాలు కొనాలని, లేదా సిబ్బందిని తగ్గించాలని భావించడం పరిపాటి. అయితే అనేక కర్మాగారాలలో వ్యర్థం యంత్రం వద్ద కంటే ఒక యంత్రానికీ మరో యంత్రానికీ నడుమనే అధికంగా పేరుకుపోతుంది. అలా దాగి ఉన్న వ్యర్థాన్ని కాగితంపై చూపే పద్ధతే లీన్ ప్రక్రియా చిత్రణ.

ఏడు రకాల వ్యర్థాలు

ఈ ఆలోచనకు పునాది జపాన్‌కు చెందిన టయోటా సంస్థలో పడింది. ఆ సంస్థ ఇంజనీరు తైచీ ఓనో వ్యర్థాలను ఏడు రకాలుగా వర్గీకరించారు. అవి: అవసరానికి మించిన ఉత్పత్తి, నిరీక్షణ, అనవసర రవాణా, అక్కరలేని అదనపు పని, అధిక నిల్వలు, కార్మికుల అనవసర కదలికలు, లోపాలున్న వస్తువులు. వీటిలో అవసరానికి మించిన ఉత్పత్తిని మిగిలిన వాటికి మూలంగా ఆయన పరిగణించారు. 1990లో వెలువడిన ‘ద మెషీన్ దట్ ఛేంజ్‌డ్ ద వరల్డ్’ గ్రంథంతో ‘లీన్’ అనే పేరు ప్రపంచవ్యాప్తంగా ప్రచారం పొందింది.

పటం రూపొందించే విధానం

ముందుగా ఒకే రకమైన ఉత్పత్తిని ఎంచుకోవాలి. ముడిసరుకు రాక నుంచి సరుకు రవాణా వరకు ప్రతి దశనూ స్వయంగా పరిశీలించి, అక్కడ పట్టే సమయాన్ని, నిల్వ ఉన్న సరుకును నమోదు చేయాలి. పాత రికార్డుల అంకెలపై ఆధారపడరాదు.

ఉదాహరణకు రోజుకు 450 లోహ భాగాలు సరఫరా చేయవలసిన ఒక యూనిట్‌ను ఊహించుకుందాం. షిఫ్టులో 450 నిమిషాల పని సమయం ఉంటే, ప్రతి 60 సెకన్లకు ఒక భాగం తయారు కావాలి. కోతకు 45, లేత్ పనికి 55, డ్రిల్లింగ్‌కు 75, తనిఖీకి 35 సెకన్లు పడుతున్నాయి. అంటే ఒక్కో భాగంపై జరిగే అసలు పని మూడున్నర నిమిషాలు మాత్రమే. కానీ కోతకు ముందు 1,350, డ్రిల్లింగ్‌కు ముందు 2,250, మిగిలిన చోట్ల 900, మొత్తం 4,500 భాగాలు నిల్వ ఉన్నాయి. ఇది 10 రోజుల సరుకు. మూడున్నర నిమిషాల పనికి 10 రోజుల నిరీక్షణ! యజమాని పెట్టుబడి అంతకాలం నేలపైనే నిలిచిపోతోంది.

డ్రిల్లింగ్ వద్ద జాప్యం వల్ల రోజూ దాదాపు 2 గంటల ఓవర్‌టైమ్ తప్పడం లేదు. ఇక్కడ లేత్ వేగాన్ని పెంచితే నిల్వలు పెరుగుతాయే తప్ప ప్రయోజనం ఉండదు. డ్రిల్లింగ్ చేసే కార్మికుడు రంధ్రాల అంచులను నునుపు చేయడానికి వెచ్చించే 20 సెకన్ల పనిని తనిఖీ దశకు మారిస్తే, రెండు చోట్లా 55 సెకన్లే అవుతుంది. కొత్త యంత్రంతో పనిలేకుండానే ఆటంకం తొలగుతుంది. ఆపై డ్రిల్లింగ్‌కు ముందు ఉంచదగిన నిల్వకు పరిమితి విధించి, అది నిండగానే వెనుక దశలను ఆపాలి.

కార్మికుల విశ్వాసమే కీలకం

జాప్యం ఎక్కడ జరుగుతోందో అందరికంటే బాగా తెలిసినది కార్మికులకే. పటం వల్ల తమ ఉపాధికే ముప్పు వస్తుందని భావిస్తే వారు వాస్తవాలు చెప్పరు. అందువల్ల ఆదా అయిన సమయాన్ని తొలగింపులకు కాక, కొత్త ఆర్డర్లకు, నైపుణ్య శిక్షణకు వినియోగిస్తామని యాజమాన్యం ముందే స్పష్టం చేయడం అవసరం.

ప్రభుత్వ తోడ్పాటు

కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ లీన్ పథకాన్ని పునర్వ్యవస్థీకరించి 2023 మార్చి 10న ప్రారంభించింది. ఇందులో బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అనే మూడు స్థాయిలు ఉన్నాయి. మార్గదర్శకత్వం, కన్సల్టెన్సీ రుసుముల వ్యయంలో 90 శాతాన్ని ప్రభుత్వం భరించేలా పథకాన్ని రూపొందించారు. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సంస్థలు దీనికి అర్హమైనవి.

పటం గీసినంత మాత్రాన వ్యర్థం తొలగిపోదు. మార్పు చేసిన తరువాత మళ్లీ పరిశీలించి కొత్త పటం గీయాలి. పాత పటాన్ని కొత్తదాని పక్కన ఉంచి చూసినప్పుడు నిరీక్షణ రోజులు తగ్గితేనే ఆ కృషి ఫలించినట్లు.